మునకను తట్టుకునే జన్యువు, దాన్ని కాపాడిన విత్తనం

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన టైమ్ దానికే సరిపోతుంది, అందుకని ఒక్క నమస్కారంతో సరిపెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

చేలో నీరు నిలిస్తే వేరుకు ఆక్సిజన్ అందదు, అసలు గొడవంతా అదే. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. దాంతో వేరు కణాలు కిణ్వనానికి, అంటే ఆక్సిజన్ లేకుండానే చక్కెర నుంచి శక్తి తీసుకోవడానికి దిగుతాయి, ఒక గ్లూకోజ్ నుంచి 30 దాకా ఏటీపీలు, అంటే కణానికి శక్తినిచ్చే అణువులు, రావలసిన చోట రెండే వస్తాయి. మరి ఆక్సిజన్ తగ్గిందని మొక్కకు ఎలా తెలుస్తుంది? జన్యువులను పని చేయించే ప్రోటీన్ల కుటుంబం ఒకటుంది, పేరు ఈఆర్‌ఎఫ్. అందులో ఏడో గ్రూపు ప్రోటీన్లను కణం తయారు చేస్తూనే ఉంటుంది, ఆక్సిజన్ ఉన్నంతసేపూ వాటిని ముక్కలు చేస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ తగ్గితే అవి బతికిపోయి, కిణ్వనానికి కావలసిన జన్యువులను పనిలోకి దించుతాయి. ఇది 2011లో తేలింది.

తర్వాతి స్లైడ్ వేళ్లలోని గాలి గదుల గురించి. దాన్ని వదిలేస్తున్నాను, ఎందుకంటే వరికి మునకను తట్టుకునే శక్తినిచ్చే జన్యువు సబ్1ఏ గురించి నాకో కడుపుమంట ఉంది.

మామూలు వరి మునిగితే పైకి వచ్చేద్దామని ఆత్రంగా సాగుతుంది, ఉన్న పిండిపదార్థమంతా ఖర్చు చేసుకుని నీరు తీశాక కూలబడుతుంది. సబ్1ఏ ఉన్న వరి కదలకుండా కూర్చుంటుంది, రెండు వారాల దాకా ఓర్చుకుంటుంది. లోతు నీటి వరిలోని స్నార్కెల్ జన్యువులదీ సబ్1ఏలాగే ఈఆర్‌ఎఫ్ కుటుంబమే, కానీ అవి ఇచ్చే ఆజ్ఞ తద్విరుద్ధం, సాగు సాగు అని! ఈ సబ్1ఏను 2006లో శాస్త్రవేత్తలు కనిపెట్టారని ప్రతి సభలోనూ చెబుతారు. కనిపెట్టారు, కాదనను. అది దొరికిందెక్కడ? ఎఫ్‌ఆర్13ఏ అనే వరి రకంలో. అదెక్కడిది? ఒడిశా రైతులు పండించుకున్న ధలపుట్టియా అనే నాటు రకం నుంచి ఎంపిక చేసింది. ఆ రైతుల ఊసు ఎవరైనా ఎత్తారా, మీరే చెప్పండి! ఆ జన్యువును మన మారుటేరు స్వర్ణ వరిలోకి తెచ్చి, 2009లో స్వర్ణ-సబ్1గా విడుదల చేశారు. అదీ జన్యుమార్పిడితో కాదు, మామూలు సంకరణంతోనే, ఏ మొక్కలో ఆ జన్యువు ఉందో చూపే డీఎన్‌ఏ గుర్తుల, అంటే మార్కర్ల సాయంతో.

ఇంకో మాట. సబ్1ఏ ఉంటే ఏ నీటికైనా ఢోకా లేదనుకోకండి. అది నిండా మునిగి మళ్లీ తేలే పైరుకు. నెలల తరబడి సగం ఎత్తున నీరు నిలిచే చేలో పొట్టిగా ఉండిపోవడమే నష్టం. ఇక కందికి, మొక్కజొన్నకు ఇబ్బంది వేళ్ల దగ్గరే, వాటికి వేరే జన్యువులు వెతకాలి. వెనక వరుసలో విద్యార్థులున్నారు కదా, ల్యాబ్‌లో కూర్చునే ముందు నీరు నిలిచే చేలల్లో ఇంకా ఏ నాటు రకాలు మిగిలాయో చూసి రండి. పేపర్ రాసినప్పుడు మొదటి పేజీలోనే ఆ రకం పేరూ, అది వచ్చిన ఊరూ రాయండి. ఎడిటర్ కొట్టేస్తే మళ్లీ రాయండి.