వాము నూనె కలిపిన పొర

అందరికీ నమస్కారం.

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, స్పూన్ల లాంటివి దేశమంతటా నిషేధించారు. ఎంతవరకు ఆగాయో మీకు తెలుసు. మాంసం, కూరగాయల మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర మాత్రం ఆ జాబితాలో లేదు. ఈ రోజు మాట్లాడేది దాని గురించే.

కర్రపెండలం పిండితో అలాంటి పొర తయారుచేయొచ్చు. తిండిని పాడుచేసే బ్యాక్టీరియాను అడ్డుకోవడానికి అందులో వాము నూనె కలుపుతారు. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం చేసేది ఈ దుంపతోనే. పిండిని నీళ్లలో కలిపి 70 డిగ్రీల దాకా కాస్తే గంజిలా చిక్కబడుతుంది. అలాగే ఆరబెడితే అప్పడంలా పుటుక్కున విరుగుతుంది. అందుకే గ్లిజరిన్ కలుపుతారు, దాంతో పొర వంగుతుంది. వాము నూనె మాత్రం గంజి చల్లారాకే వేయాలి, లేదంటే వేడికి కొంత ఆవిరైపోతుంది. నూనె, నీళ్లు కలవవు కాబట్టి కాస్త లెసిథిన్ వేసి బాగా గిలక్కొట్టి, పళ్లెంలో పోసి, ఆరాక ఒలిచి తీస్తారు.

వాము ఘాటంతా థైమాల్ అనే పదార్థానిది. లవంగంలో ఆ పని యూజెనాల్ చేస్తుంది. ఇవి బ్యాక్టీరియా పైపొరను దెబ్బతీస్తాయి, లోపలి సరుకు బయటికి కారిపోతుంది. ఈ.కోలై లాంటి కొన్ని బ్యాక్టీరియాలకు బయట ఇంకో పొర అదనంగా ఉంటుంది కాబట్టి అవి అంత తేలిగ్గా లొంగవు.

ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెంచిన ప్లేటు మీద ఈ పొర ముక్క పెడితే చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది! అదే పొరను చికెన్ ముక్కకు చుట్టండి, ఆ జోరు కనిపించదు. మాంసంలోని కొవ్వు, ప్రొటీన్లు నూనెను తమలోకి లాగేసుకుంటాయి. సరే, నూనె పెంచుదామంటే పొర బలం తగ్గుతుంది, తినేవాళ్లకు వాము వాసన కొడుతుంది. నన్నడిగితే, ఆ వాసన ఎలాగూ ఉండే తిండితోనే మొదలుపెట్టాలి: మసాలా పట్టించిన చికెన్‌కి లవంగ నూనె, వాము వేసిన బ్రెడ్‌కి వాము నూనె. జంతికల్లోనూ వాము ఉంటుంది కదా అనకండి. పిండి పొర గాలిలో తేమను ఆపలేదు, జంతికలు మెత్తబడిపోతాయి.

ఇంకో మాట. మొక్కజొన్నతో చేసిందని అమ్మే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ కవరు పెరట్లో పాతిపెడితే ఏళ్ల తరబడి అలాగే ఉండొచ్చు. అది త్వరగా కుళ్లాలంటే సుమారు 58 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు ప్లాంటు కావాలి. ఉత్త పిండి పొరకు మామూలు తడి మట్టి చాలు. కాబట్టి "బయోడిగ్రేడబుల్" అని రాసి ఉంటే ఎక్కడ, ఎన్నాళ్లలో అని అడగండి. కంపోస్టబుల్ అంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ చూపించమనండి.

ఇప్పుడు ఈ పొరను ముందు వరుస నుంచి పంపిస్తున్నాను. లాగి చూడండి, వాసన చూడండి. తడి చేత్తో మాత్రం పట్టుకోకండి, వేళ్లకు అంటుకుపోతుంది.