వెనక బెంచీలో కూర్చునే బాస్

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: అమెరికాలో ఒక కౌంటీ పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో ట్రయల్ లాయర్లకు సూపర్‌వైజర్‌గా ఉన్న సీనియర్, ఆమె దగ్గర పనిచేసే ట్రయల్ లాయర్, క్రిమినల్ లా చెప్పే ప్రొఫెసర్.)

వ్యాఖ్యాత: నమస్కారం. లాయర్ని పెట్టుకునే స్తోమత లేని నిందితుడికి ప్రభుత్వమే లాయర్ని ఇవ్వాలని అమెరికా సుప్రీంకోర్టు 1963లో గిడియన్ కేసులో చెప్పింది. అలాంటి లాయర్లు పనిచేసే చోటే పబ్లిక్ డిఫెండర్ ఆఫీసు. మరి ఆ లాయర్ల పని ఎలా ఉందో చూసేదెవరు? మేడమ్, మీ ఉద్యోగం ఏమిటని అడిగితే ఏం చెబుతారు?

సీనియర్: కోర్టులో వెనక బెంచీలో కూర్చోవడం అని చెబుతానండి. (నవ్వు) నిజంగానే! మోషన్, అంటే జడ్జికి పెట్టే అర్జీ, వేశారో లేదో ఫైలు చూస్తే తెలుస్తుంది. సాక్షి మాట మార్చినప్పుడు మన లాయరు తలెత్తి చూశాడా, లేక కాగితంలో ఉన్న తర్వాతి ప్రశ్న చదివేశాడా? అది ఏ ఫైల్లోనూ ఉండదు.

వ్యాఖ్యాత: బాస్ వెనక కూర్చుంటే టెన్షన్ పుట్టదా?

ట్రయల్ లాయర్: మొదట్లో చేతులు వణికేవి. కానీ ఎవరూ చూడకపోతే ఏమవుతుందో నాకు ముందే అనుభవం. ఇంతకుముందు వేరే ఆఫీసులో చేశాను. ఈ నెల ఎన్ని కేసులు క్లోజ్ చేశావని అడిగేవారు, అంతే. ఒక దొంగతనం కేసులో పోలీసు బాడీ కెమెరా వీడియో మాకు రాలేదు. అడగాలని నాకు తట్టలేదు. అడిగావా అని నన్ను అడిగినవాళ్లూ లేరు. ట్రయల్ మధ్యలో ఆ ఆఫీసరే, 'అదంతా వీడియోలో ఉంది కదా' అన్నాడు. తీర్పు చెప్పాల్సిన పౌరులు, అంటే జ్యూరీ, నావైపు చూసింది. నాకు గొంతు తడారిపోయింది.

వ్యాఖ్యాత: తర్వాత?

ట్రయల్ లాయర్: చూడ్డానికి జడ్జిగారు మధ్యాహ్నం దాకా టైమ్ ఇచ్చారు. అందులో మాకు పనికొచ్చేదీ లేదు, ముంచేదీ లేదు. బతికిపోయాను.

ప్రొఫెసర్: అదృష్టం మీద బతికారు. నిందితుడికి పనికొచ్చే ఆధారాన్ని ప్రాసిక్యూటర్ ఇచ్చి తీరాలని బ్రేడీ కేసు చెబుతుంది, అదీ 1963దే. అసలు రావాల్సింది రాలేదని కనిపెట్టాల్సింది మాత్రం డిఫెన్సు లాయరే. అప్పీల్లో సర్దుకోవచ్చులే అనుకుంటే, 1984 నాటి స్ట్రిక్‌లాండ్ తీర్పు అడ్డం ఉంది. లాయరు తప్పు చేశాడని చూపిస్తే సరిపోదు, ఆ తప్పు లేకపోతే ఫలితం మారి ఉండేదనడానికి తగినంత అవకాశం ఉందని కూడా చూపాలి. చాలామంది అక్కడే ఓడిపోతారు.

సీనియర్: అందుకే మా పనంతా తీర్పుకి ముందే. ట్రయల్‌కి రెండు వారాల ముందు అందరం కూర్చుంటాం, మా ఆఫీసు ఇన్వెస్టిగేటర్ కూడా. లాయరు కాగితం ముట్టకుండా మూడు నిమిషాల్లో కేసు కథ చెప్పాలి. నాకు అర్థం కాకపోతే జ్యూరీకీ కాదు. ఆ తర్వాత నేను అడిగేవి పాత ప్రశ్నలే. జైల్లో క్లయింటును చివరిసారి ఎప్పుడు కలిశావు? ప్లీ ఆఫర్, అంటే నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తామన్న ప్రాసిక్యూటర్ మాట, వచ్చిందని ఆయనకు చెప్పినట్టు రాసిపెట్టుకున్నావా? ఆయనకి పౌరసత్వం లేకపోతే, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేస్తారేమో కనుక్కున్నావా?

ప్రొఫెసర్: ఆ చివరి రెండూ మంచి అలవాట్లు మాత్రమే అనుకోకండి. దేశం నుంచి పంపేసే ప్రమాదం గురించి చెప్పాలని 2010లో పడిల్లా, ఆఫర్ వచ్చిందని చెప్పి తీరాలని 2012లో ఫ్రై. రెండూ సుప్రీంకోర్టు తీర్పులే.

వ్యాఖ్యాత: మీకూ మీ లాయరుకూ అభిప్రాయం కలవకపోతే ఎవరి మాట నెగ్గుతుంది?

ట్రయల్ లాయర్: ఇది నేను చెబుతాను. క్రాస్ ఎగ్జామినేషన్ మధ్యలో మేడమ్ చీటీలు పంపేవారు. చీటీ విప్పి చదివేలోపు సాక్షి ఊపిరి పీల్చుకునేవాడు!

సీనియర్: ఒప్పుకుంటాను. ఇప్పుడు బ్రేక్‌లోనే చెబుతున్నా. అయినా కేసు నాదీ కాదు, తనదీ కాదు. నేరం ఒప్పుకోవాలా, సాక్ష్యం చెప్పాలా అన్నది క్లయింటే తేల్చుకోవాలి. నేను చేయలేదని క్లయింటు మొత్తుకుంటుంటే, చేశాడని లాయరు జ్యూరీ ముందు ఒప్పుకోకూడదని 2018లో మెకాయ్ కేసులో వచ్చింది. తెలివైన కుర్ర లాయర్లకు ఇది మింగుడుపడటం కష్టం.

వ్యాఖ్యాత: ఇవన్నీ చేయడానికి టైమ్ ఎక్కడిది?

ప్రొఫెసర్: అసలు ప్రశ్న ఇది. ఫెలనీలైతే, అంటే తీవ్ర నేరాలైతే, ఒక లాయరుకు ఏడాదికి 150 కేసులు మించకూడదని 1973లో ఒక ప్రమాణం పెట్టారు. ఏళ్ల తరబడి అదే పట్టుకు వేలాడారు. 2023లో రాండ్ అనే పరిశోధన సంస్థ, మరికొందరు కలిసి చేసిన అధ్యయనం గంటల్లో లెక్కేసింది. హత్య కేసుకు 248 గంటలు, అన్నిటికన్నా చిన్న ఫెలనీకి 35. ఏడాదికి 2,080 పని గంటలనుకుంటే ఆ చిన్న ఫెలనీలు కూడా 59 దాటవు.

సీనియర్: ఎక్కడ 150, ఎక్కడ 59! లాయరు మీద మోయలేనంత భారం ఉందని తెలిసీ సూపర్‌వైజర్ ఊరుకుంటే అది సూపర్‌వైజర్ తప్పేనని లాయర్ల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ 2006లో అభిప్రాయం ఇచ్చింది. నేను క్రాస్ ఎగ్జామినేషన్ నేర్పగలను, జ్యూరీకి చెప్పే తొలి ప్రసంగం దిద్దగలను. కానీ నా పై అధికారి దగ్గరికెళ్లి, 'ఈ అబ్బాయికి ఇంకో కేసు ఇవ్వనివ్వను' అనడం ఉంది చూశారూ, ఇరవై ఏళ్లయినా దానికి మాత్రం నోరు తడబడుతుంది. ఎందుకంటే తను తీసుకోకపోతే ఆ ఫైలు పక్క కుర్చీలోకే వెళ్తుంది. పక్క కుర్చీవాడూ నా లాయరే.

వ్యాఖ్యాత: అలాంటప్పుడు?

సీనియర్: రాతలో పెడతాను. మా పై అధికారి కోర్టుకెళ్లి కొత్త కేసులు ఆపమని అడగాల్సి వస్తే, చేతిలో లెక్క ఉండాలి కదా.

వ్యాఖ్యాత: కేసు ఓడిపోయిన రోజు మీ లాయర్‌తో ఏం మాట్లాడతారు?

సీనియర్: తప్పొప్పులు ఆ రోజు ఎత్తను. రెండే అడుగుతాను. అప్పీల్ నోటీసుకు గడువు ఎప్పటిదాకా? క్లయింటు ఇంట్లోవాళ్లతో ఎవరు మాట్లాడారు?

ట్రయల్ లాయర్: పోయిన ట్రయల్లో ఆ రెండోది నాతోపాటు ఆవిడే చేశారు. కోర్టు వరండాలో వాళ్లమ్మగారి పక్కన అరగంట కూర్చున్నారు. ఆ రోజు నాకు కొత్త కేసు ఒక్కటీ రాలేదు.

వ్యాఖ్యాత: మర్నాడు?

ట్రయల్ లాయర్: రెండు. (నవ్వులు)