11 గంటలు, ఒక ఉప్పు డబ్బా: లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ఎక్స్‌టెండెడ్ మళ్ళీ చూశాం

అందరికీ నమస్కారం. ఈ సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో మూడు రాత్రులు ఒకటే కార్యక్రమం. భోజనాలు తొందరగా కానిచ్చేసి, హాల్లో పరుపులు వేసుకుని, లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మూడు సినిమాలూ ఎక్స్‌టెండెడ్ ఎడిషన్‌లో చూశాం. నేను ఎన్నోసార్లు చూసినవే. అమ్మకీ నాన్నకీ మాత్రం ఇదే మొదటిసారి. వాళ్ళ పక్కన కూర్చుని చూస్తుంటే, ఇన్నేళ్ళూ నేను పెద్దగా పట్టించుకోని సీన్లు కొన్ని కొత్తగా కనపడ్డాయి. ఈరోజు వాటి గురించే మాట్లాడుకుందాం.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. టోల్కీన్ నవలను పీటర్ జాక్సన్ న్యూజీలాండ్‌లో మూడు సినిమాలుగా తీశారు. 2001, 2002, 2003 డిసెంబర్లలో వరసగా వచ్చాయి. ఫ్రోడో అనే పొట్టి మనిషి, ఒక దుష్టశక్తి ఉంగరాన్ని అది పుట్టిన అగ్నిపర్వతంలోనే పడేయడానికి నడిచి వెళ్ళే కథ. పక్కన తోటమాలి శామ్ తోడుగా ఉంటాడు. థియేటర్లలో మూడూ కలిపి 558 నిమిషాలు. తర్వాత, నిడివి కోసం తీసేసిన సీన్లను మళ్ళీ కలిపి డీవీడీలుగా ఇచ్చారు. అవి 208, 223, 251 నిమిషాలు. మొత్తం 11 గంటల 22 నిమిషాలు. ఊరికే అతికించి వదిలేయలేదు. సంగీత దర్శకుడు హోవర్డ్ షోర్ ఆ సీన్లకు కొత్తగా సంగీతం రాసి రికార్డు చేయించారు. అందుకే అతుకు ఎక్కడుందో తెలియదు. ఒక్కో సినిమా రెండు డిస్కుల్లో ఉంటుంది. సగంలో డిస్కు మార్చాలి. ఇంటర్వెల్ అలవాటున్న మనకు అది హాయి. అమ్మ ఆ టైముకి టీ పెట్టేసేది.

ఎక్స్‌టెండెడ్ అనగానే యుద్ధాలు ఇంకా ఎక్కువుంటాయని చాలామంది అనుకుంటారు. యుద్ధాలు థియేటర్లోనే దాదాపు పూర్తిగా చూపించేశారు. కోతకు గురైనవి ఎక్కువగా మనుషులు ఒకరికొకరు ఏదో ఇచ్చుకునే సీన్లు, తినే సీన్లు, పోయినవాళ్ళ కోసం ఏడ్చే సీన్లు. కథ నడవడానికి అవి అక్కర్లేదు, నిజమే. భారతంలో నలుడి కథ తీసేసినా కురుక్షేత్రం జరుగుతుంది. కానీ అడవిలో కుమిలిపోతున్న ధర్మరాజుకి ఆ కథ ఎవరైనా చెప్పాలి కదా.

రెండో సినిమా, టూ టవర్స్, మొదట్లోనే ఒక సీనుంది. ఫ్రోడో, శామ్ ఒక కొండ అంచు నుంచి తాడు పట్టుకుని దిగుతుంటారు. చుట్టూ పొగమంచు, కింద ఏముందో కనపడదు. శామ్ జేబులోంచి చిన్న చెక్క డబ్బా జారిపోతుంది. ఫ్రోడో దాన్ని పట్టుకోబోయి తనే జారి పడతాడు. కిందకి దిగాక, ఇంతకీ ఇందులో ఏముందని అడుగుతాడు. శామ్ సిగ్గుపడుతూ చెప్తాడు: ఉప్పు. దారిలో ఎక్కడైనా ఒక పూట కోడిని కాల్చుకునే అవకాశం వస్తే పనికొస్తుందని తెచ్చానంటాడు. మా సొంత సీమ షైర్ మొత్తంలో ఇంత మంచి ఉప్పు లేదంటాడు. ఫ్రోడో ఆ డబ్బాను చేతిలో పట్టుకుని చూసి, ఇది కాస్త మన ఇల్లే అంటాడు.

అమ్మ అప్పటిదాకా సగం నిద్రలో ఉంది. ఈ సీనుకి లేచి కూర్చుంది. "పాపం, చావడానికి వెళ్తూ కూడా ఉప్పు మర్చిపోలేదు" అంది. నాకు వెంటనే అక్క డల్లాస్ వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. ఆవకాయ సీసాకి మూడు ప్లాస్టిక్ కవర్లు చుట్టి, మూత చుట్టూ టేపు వేసి, చీర మడతల మధ్య పెట్టింది అమ్మ. బరువు ఎక్కువైందని ఎయిర్‌పోర్టులో పుస్తకాలు తీసేశారు గానీ ఆ సీసా తీయలేదు. ఈ ఉప్పు డబ్బా గురించి మా ఇంట్లో ఎవరికీ ఏమీ వివరించక్కర్లేకపోయింది.

ఆ తాడు సంగతి కూడా ఉంది. అది మొదటి సినిమాలో గలాడ్రియెల్ అనే ఎల్ఫ్ రాణి శామ్‌కి ఇచ్చింది. థియేటర్ వెర్షన్‌లో ఆమె ఫ్రోడోకి దీపంలా వెలిగే సీసా ఇవ్వడం ఒక్కటే చూస్తాం. ఎక్స్‌టెండెడ్‌లో మిగతావాళ్ళలో చాలామందికి కూడా ఏదో ఒకటి ఇస్తుంది. వాళ్ళలో గిమ్లీ కూడా నిలబడి ఉంటాడు. మరుగుజ్జుల జాతివాడు, ఎల్ఫ్‌లంటే పడనివాడు. ఏం కావాలని ఆమె అడిగితే ముందు ఏమీ వద్దంటాడు, తర్వాత మాట తడబడతాడు. తర్వాత పడవలో వెళ్తూ, తోటి ప్రయాణికుడైన ఎల్ఫ్ లెగొలాస్‌కి చెప్తాడు: ఆమె బంగారు తలలోంచి ఒక్క వెంట్రుక అడిగాను, మూడు ఇచ్చింది అని. లెగొలాస్ మెల్లగా నవ్వుతాడు.

ఆ నవ్వు వెనక ఏముందో సినిమా చెప్పదు. టోల్కీన్ రాసిన పాత కథల్లో ఉంది. వేల ఏళ్ళ క్రితం ఎల్ఫ్‌లలో అందరికన్నా గొప్ప పనివాడు ఫియనోర్ ఆమె జుట్టు కోసం మూడుసార్లు అడిగాడు. ఒక్క వెంట్రుక కూడా ఇవ్వలేదు ఆవిడ. అంత గొప్పవాడికి దక్కనిది, సిగ్గుతో మాట తడబడిన గిమ్లీకి దక్కింది. తెలిసినవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది, తెలియనివాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. ఎలా చూసినా సీను నిలబడుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సీను దగ్గరికి వస్తాను. టూ టవర్స్‌లో ఆస్గిలియాత్ అనే నగరంలో జరిగే ఫ్లాష్‌బ్యాక్. నిడివి కొన్ని నిమిషాలే. కానీ అది లేకపోతే ఫారమిర్ అనే మనిషి సగమే అర్థమవుతాడు.

గాండోర్ రాజ్యాన్ని చూసుకునే డెనెథార్‌కి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు బోరొమిర్, చిన్నవాడు ఫారమిర్. బోరొమిర్ మొదటి సినిమా చివర్లోనే చనిపోతాడు. ఈ ఫ్లాష్‌బ్యాక్ అంతకుముందు జరిగింది. అన్నదమ్ములిద్దరూ కలిసి నగరాన్ని తిరిగి గెలుచుకుంటారు. బోరొమిర్ జెండా పాతి మాట్లాడతాడు. బాగుంది, పొట్టిగా ఉంది నీ ప్రసంగం అని తమ్ముడంటే, తాగడానికి టైము మిగలాలి కదా అంటాడు అన్న. బోరొమిర్ ఇంత హాయిగా నవ్వడం మూడు సినిమాల్లో చాలా అరుదు. అంతలో గుంపులోంచి తండ్రి వస్తాడు. చేతులు చాచి పెద్ద కొడుకు వైపు నడుస్తాడు. ఈ గెలుపు ఫారమిర్‌ది కూడా నాన్నా అంటాడు బోరొమిర్. అంతే, తండ్రి మొహం మారిపోతుంది. డెనెథార్‌గా వేసిన జాన్ నోబుల్ అక్కడ గొంతు పెంచడు. కళ్ళలో ఉన్న వెలుతురు మాత్రం తీసేస్తాడు, ఎవరో స్విచ్ కట్టేసినట్టు. నగరం పోయిందే వాడి వల్ల కదా అంటాడు. వాడు మీరంటే ప్రాణం పెడతాడు నాన్నా అని అన్న చెప్పినా వినడు.

ఉంగరం తేవడానికి బోరొమిర్‌ని వెళ్ళమంటాడు తండ్రి. బోరొమిర్‌కి ఇష్టం లేదు. అన్న బదులు నేను వెళ్తానని ఫారమిర్ ముందుకొస్తాడు. అప్పుడు డెనెథార్ ఎగతాళిగా ఒక మాటంటాడు: ఓహో, గాండోర్ సేనాని ఫారమిర్ తన సత్తా చూపించుకోవడానికి ఒక అవకాశమన్నమాట.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత ఫ్రోడో ఉంగరంతో సహా తన చేతికి చిక్కినప్పుడు ఫారమిర్ అదే మాట అంటాడు. తన సత్తా చూపించుకునే అవకాశం అని. ఆ డైలాగ్ థియేటర్ వెర్షన్‌లోనూ ఉంది. అక్కడ అది దురాశలా వినపడుతుంది, మనకు అతని మీద కోపం వస్తుంది. ఫ్లాష్‌బ్యాక్ చూశాక వింటే, అది అతని మాటే కాదని తెలుస్తుంది. తండ్రి అన్నది పట్టుకుని ఇన్నాళ్ళూ గుండెలో మోస్తున్నాడు. ఒక్క పదం కూడా మార్చలేదు. ఆ తర్వాత అతను ఉంగరాన్ని వదిలేసి ఫ్రోడోని పంపించేయడం ఎంత పెద్ద పనో అప్పుడు తెలుస్తుంది.

మా నాన్న ఇద్దరన్నదమ్ముల్లో చిన్నవాడు. బోరొమిర్ గుర్రమెక్కి, తమ్ముడూ ఈ రోజు గుర్తుంచుకో అని వెళ్ళిపోయాక, హాల్లో ఎవరం మాట్లాడలేదు. కాసేపటికి నాన్న, "ఆ సీను ఒక్కసారి వెనక్కి పెట్టరా" అన్నారు. పెట్టాను.

రెండో సినిమా ఎక్స్‌టెండెడ్‌లో మాత్రమే చూడాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. చిన్న చిన్నవి ఇంకా ఉన్నాయి. రోహన్ అనే ఇంకో రాజ్యపు యువరాజు అంత్యక్రియల దగ్గర, ఆ రాజు మేనకోడలు ఏయోవిన్ పాత ఇంగ్లిష్‌లో పాడే శోకగీతం ఉంది. చచ్చిపడిన శత్రు సైనికుణ్ణి చూస్తూ, వీడి పేరేమిటో, ఏ ఊరినుంచి వచ్చాడో అని ఫారమిర్ అనడం ఉంది.

కలిపినవన్నీ బాగున్నాయని చెప్పను. మూడో సినిమాలో చచ్చినవాళ్ళ గుహలో పుర్రెలు కొండచరియలా కూలే సీను అనవసరం, ఉన్న భయం కూడా పోతుంది. చర్చలకి వచ్చిన శత్రు దూత తలను ఆరగోర్న్ నరికేయడం నాకు అస్సలు నచ్చదు. దూతను చంపకూడదన్నది రావణుడి కొలువులో విభీషణుడు కూడా చెప్పిన ధర్మం. కాబోయే రాజు చేయాల్సిన పని కాదది. పుస్తకంలో అతను అలా చేయడు. మొదటిసారి చూసేవాళ్ళు మూడోది థియేటర్ వెర్షన్ చూసినా నష్టం లేదు. పీటర్ జాక్సన్ కూడా ఎక్స్‌టెండెడ్‌కి డైరెక్టర్స్ కట్ అని పేరు పెట్టలేదు.

ఒక్క సారుమాన్ విషయంలో మాత్రం థియేటర్ వెర్షన్ అన్యాయం చేసింది. రెండు సినిమాల పాటు విలన్‌గా ఉన్నవాడు మూడోదాంట్లో కనపడనే కనపడడు. ఎక్స్‌టెండెడ్‌లో గోపురం మీద అతన్ని సొంత మనిషే వెన్నులో పొడుస్తాడు. ఆ పాత్ర వేసిన క్రిస్టఫర్ లీ రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన మనిషి. వెనకనుంచి పొడిస్తే మనిషి ఎలాంటి శబ్దం చేస్తాడో జాక్సన్‌కి ఆయనే చెప్పారు. ఆ మొత్తం నటులలో టోల్కీన్‌ని స్వయంగా కలిసింది ఆయనొక్కరే. తన సీను తీసేశారని ఆయన చాలా బాధపడ్డారు.

క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఒకటి చెప్పాలి. టూ టవర్స్ యుద్ధంలో పదివేల రాక్షసులు ఒక్కసారిగా అరుస్తారే, ఆ గొంతులు వెల్లింగ్టన్‌లో క్రికెట్ మ్యాచ్ చూడ్డానికి వచ్చిన జనానివి. 25,000 మంది చేత మైదానంలో నిలబడి జాక్సనే అరిపించారు. అది చెప్పగానే నాన్న సౌండ్ పెంచమన్నారు.

మూడో రాత్రి. డెనెథార్ ఫారమిర్‌ని చావుకి పంపే సీను వచ్చింది. అన్న బదులు నేను చచ్చిపోయుంటే బాగుండేదని మీరనుకుంటున్నారా అని కొడుకు అడుగుతాడు. అవును అంటాడు తండ్రి. నాన్న లేచి వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చారు. తర్వాత ఫారమిర్‌ని చితి మీద నుంచి లాగేస్తారు. థియేటర్ వెర్షన్‌లో ఆ పైన అతను చివర్లో పట్టాభిషేకంలోనే కనపడతాడు, పక్కన ఏయోవిన్ ఎలా వచ్చిందో ఎవరూ చెప్పరు. ఎక్స్‌టెండెడ్‌లో వైద్యశాల సీనుంది. ఇద్దరూ గాయాలతో కోలుకుంటుంటారు. చలిగా ఉంది, ఎండలో వేడి లేదు అంటుంది ఆమె. ఇది తొలి వసంతపు వాన తడి మాత్రమే, ఈ చీకటి ఉండిపోదు అంటాడు ఫారమిర్. ఆమె చెయ్యి పట్టుకుంటాడు.

నాన్న దిండుకి ఆనుకుని, "పోనీలే, చిన్నోడికి మంచి పిల్లే దొరికింది" అన్నారు.