చూరు కింద బొమ్మలు

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండులో, వేల్స్ సరిహద్దుకు దగ్గరగా కిల్పెక్ అని ఒక పల్లె ఉంది. అక్కడి చిన్న చర్చిని 1140 ప్రాంతంలో ఎర్ర ఇసుకరాతితో కట్టారు. లోపలికి వెళ్లే ముందు దాని చుట్టూ ఒకసారి తిరగాలి. చూరు కింద గోడలోంచి వరసగా రాళ్లు పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి మీద 80కి పైగా బొమ్మలు. ఒక రాతి మీద కుక్క, కుందేలు నేస్తాల్లా పక్కపక్కనే ఉన్నాయి. ఇంకో రాతి మీద ఒకడు ఫిడేలు లాంటిది వాయిస్తున్నాడు.

తూర్పు కొసన, బలిపీఠం వెనక గుండ్రటి గోడ దగ్గర చూరు కిందే ఒక ఆడబొమ్మ ఉంది. బోడితల, పెద్ద కళ్లు. రెండు చేతులతో తన మర్మస్థానాన్ని తెరిచి చూపిస్తోంది. ఇలాంటి బొమ్మల్ని షీలా-నా-గిగ్ అంటారు. గుడిగోడ మీద ఇదేమిటని అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో మాట. కామం పాపమని భక్తులకు చేసిన హెచ్చరిక అని కొందరు, సంతానం కోసమని కొందరు. మనం కట్టే ఇంటికి దిష్టిబొమ్మ కట్టినట్టు, చెడు దగ్గరకు రాకుండా పెట్టారని ఇంకొందరు.

1842లో కిల్పెక్ శిల్పాల బొమ్మలు గీసి అచ్చువేసిన చిత్రకారుడు లూయిస్‌కి అక్కడ ఆడమనిషే కనబడలేదు. ఒక వెర్రివాడు ఛాతీ తెరిచి గుండె చూపిస్తున్నాడని రాశాడు. అబద్ధం చెప్పాడని నేననుకోను. ఆ కాలపు మర్యాదస్తుడికి కన్ను అంతవరకే సాగింది.

దక్షిణ ద్వారం స్తంభం మీద నోట్లోంచి తీగలు కక్కుతున్న ముఖం ఒకటి ఉంది. దీన్ని గ్రీన్ మ్యాన్ అంటారు, క్రైస్తవానికి ముందునాటి వనదేవత అని కూడా చాలామంది నమ్ముతారు. కానీ చర్చిల్లోని ఇలాంటి ముఖాలకు ఆ పేరు పెట్టింది లేడీ రాగ్లన్, 1939లో రాసిన ఒక వ్యాసంలో. చెక్కిన శిల్పి ఆ పేరు వినే ఉండడు. అందుకే నేనైతే పేరు పక్కన పెట్టి ముందు రాయిని చూస్తాను: ఎక్కడుంది, పక్కన ఏముంది, కింద నిలబడ్డవాడికి ఎంత కనిపిస్తుంది?

ఈ తికమక మనకే అనుకోకండి. కిల్పెక్ కట్టడానికి సుమారు 15 ఏళ్ల ముందు, ఫ్రాన్సులో క్లెర్వో మఠాధిపతి బెర్నార్డ్ ఇదే అడిగాడు. సన్యాసులు చదువుకునే చోట ఈ కోతులు, సింహాలు ఎందుకు, వీటికింత ఖర్చెందుకు అని మండిపడ్డాడు. అయితే ఆయన రాతలో ఆ బొమ్మలు ఒక్కొక్కటీ కళ్లకు కట్టినట్టు ఉంటాయి. ఒకే తలకు ఎన్నో ఒళ్లు, పాము తోక ఉన్న నాలుగుకాళ్ల జంతువు, ముందు గుర్రం, వెనక మేక. అంత కోపంలోనూ ఆయన వాటి ముందు చాలాసేపే నిలబడి ఉంటాడు.