మే నెలలో వాలై చేప ఒడ్డు పక్కనే ఉంటుంది

నమస్తే అండీ. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో వాలై అనే మంచినీటి చేపను పట్టే సీజన్ మే నెల మధ్యలో ఒక శనివారం మొదలవుతుంది. ఆ రోజు చాలా పడవలు ఒడ్డు వదిలి నేరుగా 20, 25 అడుగుల లోతుకు పోతాయి. చేపలేమో వెనకాల 4 నుంచి 8 అడుగుల నీళ్లలోనే ఉండిపోతాయి. ఇవాళ చెప్పేదంతా ఆ కొద్దిపాటి నీళ్ల గురించే. అన్నట్టు, పేరు వినగానే మన వాలుగ గుర్తొస్తుంది గానీ, ఆ రెంటికీ చుట్టరికం ఏమీ లేదు.

మంచు కరిగి నీళ్లు 42 నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి రాగానే వాలై గులకరాళ్ల ఒడ్డుకీ, లేక్‌లో వాగు కలిసే చోటుకీ చేరి గుడ్లు పెడుతుంది. ఆడచేపలు పని కాగానే వెళ్లిపోతాయి, మగవి ఇంకొన్నాళ్లు అక్కడే తిరుగుతాయి. సీజన్ మొదలయ్యేసరికి చాలాచోట్ల ఈ పని అయిపోయి, చేప ఆకలి మీద ఉంటుంది. సరిగ్గా అప్పుడే షైనర్ అనే చిన్న చేపలు గుంపులుగా ఒడ్డుకొస్తాయి. తిండి అక్కడుంటే వాలై లోతుకెందుకు పోతుంది?

ఏ ఒడ్డు అనేది గాలిని అడగండి. గాలి తోసుకొచ్చి అలలు కొట్టే ఒడ్డుకే వెళ్లండి. అల లేస్తే వెలుతురు చెదిరి నీళ్లు కాస్త కలకబారతాయి. వాలై కంటి వెనక మెరిసే పొర ఒకటుంది, మసక వెలుతురులోనూ దానికి బాగా కనిపిస్తుంది. షైనర్‌కి అంత చూపు లేదు. గాలి పడిపోయి ఎండ కాస్తే మాత్రం పగలు వదిలేసి, పొద్దుగూకే ముందు అరగంట, తర్వాత ఒక గంట చూసుకోండి.

ఆరున్నర అడుగుల మీడియం లైట్ రాడ్, 6 పౌండ్ల మోనో లైన్ (ఒంటిపోగు నైలాన్ దారం), ఔన్సులో ఎనిమిదో వంతు జిగ్ (బరువు తల ఉన్న కొక్కెం) సరిపోతాయి. నీళ్లు 5 అడుగుల లోపుండి గాలి కూడా లేకపోతే పదహారో వంతుకు దిగండి. బరువు జిగ్ రాళ్ల సందుల్లో ఇరుక్కుంటుంది, పైగా దబ్బున కిందపడుతుంది. చేప ఎక్కువగా అందుకునేది జిగ్ మెల్లగా దిగేటప్పుడే.

ఇప్పుడు ఎర గుచ్చడం దగ్గరగా చూడండి. రెండున్నర అంగుళాల షైనర్. పెదవులకు గుచ్చితే రెండు విసుర్లకే ఊడిపోతుంది. కొక్కెం నోట్లోంచి పెట్టి మొప్ప పక్కనుంచి బయటికి తీయండి. చేపను జిగ్ తల దాకా జరిపి, కొక్కేన్ని తిప్పి వీపులో గుచ్చండి. ఒళ్లు నిటారుగా ఉండాలి. వంకరగా ఉంటే నీళ్లలో గిరగిరా తిరిగి లైన్‌కి మెలికలు పడతాయి.

పడవను ఒడ్డు మీదికి తోలకండి. ఇంత తక్కువ నీళ్లలో మోటారు చప్పుడుకే చేప చెదిరిపోతుంది. దూరంగానే ఇంజన్ ఆపి, లంగరు వేసి, ఒడ్డు వైపు పొడుగ్గా విసరండి. జిగ్ అడుగు తాకాక అరడుగు లేపి, లైన్ వదులు కాకుండా దించండి.

కప్ప ఎర మీద కొర్రమీను దూకినట్టు వాలై దూకుతుందని చూడకండి. చిన్న టక్కుమన్న దెబ్బ, లేదా తడిగుడ్డ తగులుకున్నట్టు బరువు, అంతే. ఒక్క క్షణం ఆగి, రాడ్‌ని చటుక్కున పైకి లాగి కొట్టండి. షైనర్ సగం తెగి వస్తుంటే చేప తోక పట్టుకుంటోందని అర్థం. ఇంకా చిన్న ఎర పెట్టి, ఇంకొంచెం ఆగి కొట్టండి.

చేతికొచ్చాక నోట్లో వేలు పెట్టొద్దు, కోరపళ్లుంటాయి. మొప్ప మూత అంచు కూడా కోసేస్తుంది. వీపు ముళ్లను వెనక్కి అణిచి, తడిచేత్తో పట్టుకోండి.

ఎన్ని ఉంచుకోవచ్చు, ఎంత సైజు అనేవి లేక్‌ని బట్టి మారతాయి, వెళ్లేముందే చూసుకోండి. మిగిలిన ఎర నీళ్లలో పారబోయకూడదు. పడవ బయటికి తీయగానే డ్రెయిన్ ప్లగ్ (నీళ్లు పోయే కంతకున్న బిరడా) పీకి, నీళ్లన్నీ వదిలేశాకే రోడ్డెక్కాలి. జీబ్రా మసెల్ అనే, లేక్‌లను పాడుచేసే చిన్న ఆల్చిప్ప ఆ నీళ్లతో కూడా ఇంకో లేక్‌కి పాకుతుంది.