కాసేపు ఆగమని కంప్యూటరే చెప్పాలి

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటర్ ముందు గంటల తరబడి కూర్చునేవాళ్లంటే మనకు హైదరాబాదులోనో విశాఖలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలే గుర్తొస్తారు. కానీ విజయనగరంలో చూడండి, బొబ్బిలిలో చూడండి, పాలకొండలో చూడండి. మీసేవలో ఆపరేటరు, సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు, ఆస్పత్రిలో ఓపీ చీటీ ఇచ్చే అమ్మాయి, డీటీపీ షాపులో పెళ్లికార్డులు కొట్టే ఆవిడ. పొద్దుట కూర్చుంటే చీకటి పడేదాకా అదే స్క్రీను. ఎదురుగా జనం. కాసేపు లేవమ్మా అనేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ మాట కంప్యూటరే చెప్పాలి, ఆ ఏర్పాటు కొన్నప్పుడే అందులో ఉండాలి అన్నది నా అభిప్రాయం. ఎందుకంటారా? మా అప్ప సంగతి చెబుతాను, వినండి.

అప్ప అంటే మా పెద్దమ్మ కూతురు. విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో ఒక డీటీపీ షాపులో పనిచేస్తుంది. ఏళ్ల తరబడి అదే పని. మాఘమాసం వచ్చిందంటే ఇక ఊపిరి సలపదు. చేత్తో రాసి తెచ్చిన మేటరు ఎడమ పక్కన, కార్డు కొట్టించుకునే పార్టీవాళ్లు వెనకాల నిలబడి స్క్రీనులోకి తొంగిచూస్తూ. పెళ్లికొడుకు పేరు ముందు చి॥, పెళ్లికూతురి పేరు ముందు చి॥ల॥సౌ॥, పైన దేవుడి బొమ్మ, కింద బంధుమిత్రుల అభినందనలు. రాత్రి అయ్యేసరికి కుడి మణికట్టు తిమ్మిరి, మెడ పట్టేయడం, కళ్లలో ఇసుక పోసినట్టు మంట.

కంటి డాక్టరు ఆవిడకు చెప్పింది చాలా చిన్న మాట. మామూలుగా మనం నిమిషానికి పదిహేను సార్ల దాకా రెప్ప వేస్తాం. స్క్రీను చూస్తూ ఉంటే అది సగానికి పడిపోతుంది, ఒక్కోసారి ఇంకా తక్కువ. రెప్ప పడకపోతే కన్ను తడారిపోతుంది. అందుకని ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదేదైనా, ఇరవై సెకన్లు చూడమన్నారు. అప్ప సరేనంది. షాపుకి వచ్చింది. పనిలో పడి మర్చిపోయింది. పనిలో ఉన్న మనిషికి టైము తెలియదు, తప్పు పట్టడానికేం లేదు.

షాపులో ఉన్న కుర్రాడు ఇంటర్నెట్టులోంచి ఏదో ప్రోగ్రాం తెచ్చి పెట్టాడు. టైము కాగానే అది స్క్రీను మొత్తం మూసేసేది. ఒకరోజు గజపతినగరం వైపు నుంచి వచ్చిన పెద్దాయన పక్కనే కూర్చుని తాతగారి పేరు దిద్దిస్తున్నాడు. సగం అక్షరంలో ఉండగా స్క్రీను మూతపడింది. “ఏటమ్మా, ఆగిపోనావు? బేగి కానీ, మా బస్సెలిపోద్ది” అన్నాడాయన. అప్పకి ఒళ్లు మండింది. “ఒరే బాబూ, ముందు దీన్ని తీసీ” అంది. తీయించేసింది. నొప్పులు మాత్రం పోలేదు.

సీజను తగ్గాక ఆ కుర్రాడే మళ్లీ పెట్టాడు, ఈసారి తీరుగా. స్క్రీను మూయదు. మూలన చిన్న చీటీలా కనబడుతుంది. పార్టీ ఎదురుగా ఉంటే “తర్వాత” అని నొక్కుకోవచ్చు. ఇంకో తెలివి కూడా ఉంది దానికి. ప్రింటర్లో కాగితాలు పెట్టడానికి లేచినా, బేరం మాట్లాడుతూ చేతులు తీసినా, ఆ కాసేపూ విశ్రాంతి కిందే లెక్క కట్టుకుంటుంది. ఇప్పుడే లేచి వచ్చిన మనిషిని మళ్లీ లేవమని విసిగించదు. అప్పకి నచ్చింది.

ఆ తర్వాత ఓసారి రాత్రి ముహూర్తం కార్డు ఒకటి కొడుతోంది. గురువారం రాత్రి 2.36 గంటలకు. చీటీ కనబడింది. లేచి, గుమ్మంలో నిలబడి రోడ్డు చివరిదాకా చూసి, మంచినీళ్లు తాగి వచ్చి కూర్చుంది. కూర్చోగానే కళ్లు నేరుగా ఆ లైను మీదే పడ్డాయి. “తెల్లవారితే శుక్రవారం” అన్న ముక్క లేదు! అది లేకపోతే దూరం నుంచి వచ్చే చుట్టాలు ఏ రాత్రికి రావాలో తేల్చుకోలేరు. అప్పటికి ఆ ప్రూఫు రెండుసార్లు చదివింది, పార్టీవాళ్లూ చదివారు. ఎవరికీ కనబడలేదు. ఆగడం వల్ల పని పాడవుతుందని యజమానులు అనుకుంటారు. ఆగినందువల్లే ఆ కార్డు బాగుపడింది.

మా అప్పకి ఆ కుర్రాడు ఉన్నాడు కాబట్టి సరిపోయింది. లేనివాళ్ల మాటేమిటి? వెతికి, దించుకుని, సరిచేసుకునే ఓపిక ఎంతమందికి ఉంటుంది? అందుకే కంప్యూటర్‌తోనే రావాలంటున్నాను.

ఇది కొత్త కోరికేం కాదు. విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ లినక్స్. దాని మీద తెర, మెనూలు చూపించే గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఒకప్పుడు కీబోర్డు సెట్టింగుల్లోనే టైపింగుకి విరామం అన్న ఏర్పాటు ఉండేది. మధ్యలో పోయింది. మళ్లీ 2025 మార్చిలో వచ్చిన గ్నోమ్ 48లో పెట్టారు, కళ్లకు వేరుగా, లేచి కదలడానికి వేరుగా. విండోస్ 11లో గడియారం యాప్ తెరిస్తే ఫోకస్ సెషన్ అని ఉంటుంది, అది పని మధ్యలో విరామాలు తనే వేస్తుంది. కానీ అది అక్కడ ఉందని తెలిసినవాళ్లేరి? బ్రిటన్‌లో 1993 నుంచే స్క్రీన్ల మీద పనిచేసేవాళ్లకి మధ్యమధ్య విరామం ఏర్పాటు చేయడం యజమాని బాధ్యతని నిబంధన ఉంది. రెండు గంటలకోసారి ఇరవై నిమిషాలు ఆగడం కంటే, గంటకోసారి ఐదు పది నిమిషాలు ఆగడమే మేలని అక్కడి అధికారుల సలహా.

ఫోన్లో అలారం పెట్టుకుంటే పోదా అని మీరు అడగవచ్చు. అలారానికి మీరు పనిలో ఉన్నారో టీ తాగుతున్నారో తెలియదు. కంప్యూటర్‌కి తెలుసు, కీబోర్డు కదులుతోందో లేదో దానికి కనబడుతుంది కనక. అయితే ఆ తెలిసింది దాని దగ్గరే ఉండాలి. ఎవరు ఎంతసేపు లేచారో యజమానికి చేరవేసే పరికరంగా మారితే మాత్రం నేను ఒప్పుకోను. ఆ భయం ఉన్నచోట మనుషులు లేవడమే మానేస్తారు.

కంప్యూటర్ తయారుచేసేవాళ్లని నేను అడిగేది ఒక్కటే. కొత్త కంప్యూటర్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు భాష అడుగుతుంది, ఏ దేశమో అడుగుతుంది. అప్పుడే “మధ్యమధ్యలో గుర్తు చేయమంటారా?” అని కూడా ఒక్కసారి అడగాలి. అదీ తెలుగులో. వద్దంటే ఊరుకోవాలి. కావాలంటే “తర్వాత” అనే బటన్ తప్పకుండా ఇవ్వాలి.

అది వచ్చేదాకా షాపులకీ ఆఫీసులకీ కంప్యూటర్లు బిగించే కుర్రాళ్లకి నా మనవి. బాబూ, తెలుగు ఫాంట్లు, ప్రింటరు డ్రైవరు వేస్తారు కదా, దాంతోపాటు ఇదీ పెట్టండి. విండోస్‌కీ లినక్స్‌కీ ఇలా గుర్తుచేసే ప్రోగ్రాం వర్క్‌రేవ్ అని ఉచితంగా దొరుకుతుంది. స్క్రీను మూసేసేలా మాత్రం పెట్టకండి. ఎలా వాయిదా వేయాలో, ఎలా ఆపాలో అక్కడ కూర్చునే మనిషికి చూపించి, ఆవిడ చేతే ఒకసారి నొక్కించి, అప్పుడు వెళ్లండి.

నమస్కారం.