పరిశోధనకి మొదటి ఏడాది రక్తమిచ్చినవాళ్లు ఐదో ఏడాది కూడా ఎందుకివ్వాలి?

[తెర మీద: కొబ్బరి తోటల మధ్య రోడ్డు, ముందుకెళ్తే ఊరు]

నమస్తే. ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు... ఈ మండలాల్లో షుగరు, బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా కచ్చితంగా తేలలేదు. నీళ్లా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, వంశంలోనే ఉందా? ఒక్కసారి రక్తం తీసి పరీక్ష చేస్తే ఇది తెలియదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లని కూడా కలుపుకుని మొదలుపెట్టి, వాళ్లనే ఏళ్ల తరబడి చూస్తూ పోవాలి. ఎవరి క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం) ఎప్పుడు పెరిగింది, అంతకుముందు వాళ్లు ఏ నీళ్లు తాగారు, ఏ పని చేశారు అన్నది అప్పుడే బయటపడుతుంది.

మరి మొదటి ఏడాది పేరిచ్చినవాళ్లలో ఐదో ఏటికి ఎంతమంది మిగులుతారు?

[తెర మీద: 100 చుక్కలు, వాటిలో 20 ఎర్రవి]

కొందరు తగ్గితే ఏం, మిగతావాళ్లు ఉన్నారుగా అనిపిస్తుంది. ఒక లెక్క వేద్దాం. 100 మందిలో 20 మందికి జబ్బుందనుకోండి. ఐదేళ్ల తర్వాత వెళ్తే 30 మంది దొరకలేదు. ఆ 30 మందిలో 10 మంది జబ్బున్నవాళ్లే. కొందరు చనిపోయారు, కొందరు డయాలసిస్ కోసం పట్నంలో బంధువుల దగ్గర ఉంటున్నారు. మిగిలిన 70 మందికి పరీక్ష చేస్తే 10 మందిలోనే జబ్బు కనిపిస్తుంది. అంటే 14 శాతం. ఊళ్లో ఎవరికీ నయం కాలేదు, కాగితం మీద మాత్రం జబ్బు తగ్గిపోయింది! గట్టిగా ఉన్న కుర్రాళ్లే వలస పోయుంటే లెక్క అటు తిరిగి, జబ్బు పెరిగినట్టు కనిపిస్తుంది. ఎంతమంది పోయారన్న దానికంటే ఎవరు పోయారన్నదే ముఖ్యం.

[తెర మీద: రిజిస్టరులో ఒక పేజీ, దగ్గరగా]

ఈ పేజీ చూడండి. ఫోన్ నంబరు గడిలో ఒకే నంబరుంది. ఏడాది తిరిగేసరికి ఆ సిమ్ మారిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు మూడు నంబర్లు రాసుకుంటారు: మనిషిది, ఇంట్లోవాళ్లది, ఊరు దాటని చుట్టం ఒకరిది. ఇంటిపేరు, తండ్రి పేరుతో పాటు ఊళ్లో పిలిచే పేరు కూడా రాయాలి. ఒకే ఊళ్లో ఒకే పేరున్న అప్పారావులు నలుగురుంటారు మరి.

ఎప్పుడు వెళ్లాలన్నది ఇంకా పెద్ద విషయం. హైదరాబాద్, చెన్నై పనులకెళ్లినవాళ్లు సంక్రాంతికి వస్తారు. గుజరాత్‌లోని వేరావల్‌కి, అక్కడి బోట్ల మీదకెళ్లిన మత్స్యకారులు అప్పుడు దొరకరు. పడమటి తీరంలో వేట నిషేధం జూన్, జులైలో, వాళ్లు ఇంటిపట్టున ఉండేది అప్పుడే. పొలం పనులవాళ్లకి ఒక క్యాలెండరు, సముద్రం పనులవాళ్లకి ఇంకో క్యాలెండరు. ఆఫీసులో ఒకే తేదీ పెట్టుకుని జీపెక్కితే సగం ఇళ్లకి తాళాలే కనిపిస్తాయి.

పలాసలో జీడిపప్పు పనికెళ్లే ఆడవాళ్లు పొద్దున్నే బయల్దేరతారు. వాళ్లది కిలోల లెక్కన కూలి, గంట ఆలస్యమైతే గంట కూలి పోయినట్టే. పరగడుపు రక్తం కావాలనుకుంటే తెల్లారకముందే వాళ్ల గుమ్మం దగ్గర ఉండాలి, లేదా పోయిన కూలి ఇవ్వాలి. పోయిన కూలి, దారిఖర్చు ఇవ్వడానికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. ఆశ చూపించి ఒప్పించేంత డబ్బు మాత్రం ఇవ్వకూడదు.

ఇంత చేసినా ఒక్క మాట దగ్గర పని ఆగిపోతుంది.

"ఏటి బాబూ, మల్లీ రగతానికొచ్చారా? పోయినసారి తీసికెల్లారు, రిపోర్టేటయ్యింది?"

నా దృష్టిలో మనుషులు పరిశోధన వదిలేయడానికి అతి పెద్ద కారణం ఈ ప్రశ్నకి జవాబు లేకపోవడమే. సూది నొప్పి, టైము లేకపోవడం దీని తర్వాతే. ఇచ్చిన రక్తం ఎటు పోయిందో తెలియని మనిషి రెండోసారి చెయ్యి ఎందుకు చాపాలి? రిపోర్టు ఇంటికి రావాలి, తెలుగులో రావాలి. "మీ క్రియాటినిన్ ఇంత, పోయినేడు ఇంత ఉండేది, ఇప్పుడు ఫలానా డాక్టరు దగ్గరికి వెళ్లండి" అని ఎవరో ఒకరు అరుగు మీద కూర్చుని చెప్పాలి. చెప్పేది ప్రతిసారీ అదే మనిషైతే మరీ మంచిది. ఊరి ఆశా కార్యకర్త పక్కన ఉంటే ఇంకా నమ్ముతారు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఇక్కడి కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టేసింది. అలాంటప్పుడు ప్రశ్నాపత్రం పక్కన పెట్టి, ఎలా ఉన్నారని అడగడానికే వెళ్లాలి.

[తెర మీద: ప్రపంచ పటం, న్యూజిలాండ్ మీద గుర్తు]

ఇది అయ్యే పనేనా అంటారా? న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని ఇప్పటికీ చూస్తున్నారు. వాళ్లకి 45 ఏళ్లు వచ్చేనాటికి బతికున్న 997 మందిలో 938 మంది వచ్చారు. విదేశాల్లో స్థిరపడినవాళ్లకి విమాన టికెట్లు కొని మరీ పిలిపించారు. అంత దూరం ఎందుకు? 'యంగ్ లైవ్స్' అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలతో మొదలైంది. అందులో మన శ్రీకాకుళం కూడా ఉంది. అప్పుడు ఏడాది వయసున్న పిల్లలు ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటారు. కోవిడ్‌లో ఇళ్లకి వెళ్లడం కుదరక ఫోన్లోనే పలకరించారు. ఏళ్ల తరబడి నంబర్లు సరిచూసుకుంటూ వచ్చినవాళ్లకే అది సాధ్యమవుతుంది.

[తెర మీద: మళ్లీ రిజిస్టరు, 'కారణం' అన్న గడి]

ఇంకొక్కటి. ఇక చాలంటే ఎప్పుడైనా మానేసే హక్కు వాళ్లకుంది, కారణం చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు అమ్మానాన్నలు సంతకం పెట్టినా, 18 ఏళ్లు నిండాక పిల్లల్నే మళ్లీ అడగాలి. వద్దన్నవాళ్ల గుమ్మానికి పదేపదే మనుషుల్ని పంపకూడదు. ఈ గడిలో అందరికీ కలిపి 'దొరకలేదు' అని రాయడం కూడా తప్పే. చనిపోయారు, వలస వెళ్లారు, వద్దన్నారు... ఏది నిజమైతే అదే రాయాలి. లెక్క ఎక్కడ వంకర పోతోందో ఆ మాటల్ని బట్టే తెలుస్తుంది. వద్దన్నవాళ్లకి కూడా అంతకుముందు ఇచ్చిన రక్తం తాలూకు రిపోర్టు పంపాల్సిందే.